రెండే కొత్త టైర్లు కొంటే ముందు వెయ్యాలా, వెనక వెయ్యాలా?

వానకాలం దగ్గరపడితే హన్మకొండలో గానీ కాజీపేటలో గానీ టైర్ల షాపుల ముందు బండ్లు పెరుగుతాయి. వచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే పరిస్థితి. నాలుగు టైర్లలో రెండు బాగా అరిగాయి, మిగతా రెండు ఇంకొన్నాళ్లు నడుస్తాయి. మామూలు చిన్న కారు టైరే వేలల్లో పలుకుతుంటే నాలుగూ ఒకేసారి మార్చడం అందరికీ కుదరదు. అందుకని రెండు కొంటారు. ఆ కొత్త జత ముందుకా, వెనక్కా అన్నది అప్పుడు వచ్చే ప్రశ్న.

షాపులో అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు ఇది: “ఇంజను ముందున్నది అన్నా, స్టీరింగు ముందున్నది, బ్రేకు కొడితే బరువంతా ముందట్నే పడ్తది. కొత్తవి ముందటేద్దాం, పాతవి ఎనకకేద్దాం.”

చెప్పిన మూడు సంగతులూ నిజమే. వాటి నుంచి తేల్చిన మాట మాత్రం తప్పు. కొత్త జత వెనకే పడాలి. బండి ముందు చక్రాలతో నడిచేదైనా, వెనక చక్రాలతో నడిచేదైనా ఇదే మాట. మిషెలిన్, బ్రిడ్జ్‌స్టోన్ లాంటి టైర్ల కంపెనీలు కూడా ఇదే సలహా ఇస్తాయి. అయితే కంపెనీ చెప్పిందని అంటే షాపులో ఎవరూ వినరు. ఎందుకో మనకు తెలిస్తేనే అక్కడ నిలబడి మన మాట మీద ఉండగలుగుతాం. అందుకే కారణం కాస్త వివరంగా రాస్తున్నాను.

వాన నీళ్లలో టైరు చేసే పని

పొడి రోడ్డు మీద టైరు గాడులతో పెద్ద పని లేదు. తారు రోడ్డు మీద గాడుల అవసరమంతా నీళ్ల కోసమే. చిన్న కార్లకు వచ్చే 165 మి.మీ. వెడల్పు టైరునే తీసుకుందాం. రోడ్డు మీద 3 మి.మీ. నీళ్లు నిలిచాయనుకోండి. 80 కి.మీ. వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే ఆ టైరు సెకనుకు దాదాపు 11 లీటర్ల నీళ్లను దారిలోంచి తప్పించాలి. ఆ నీళ్లు పోయేది గాడుల్లోంచే. కొత్త టైరుకు గాడి లోతు 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది. అది 2 మి.మీ.కి వచ్చేసరికి నీళ్లకు దారి చాలదు. టైరు కింద నీటి పొర చేరి, రబ్బరు రోడ్డును వదిలేసి తేలుతుంది. గాలి తక్కువున్న టైరు ఇంకా తక్కువ వేగంలోనే తేలుతుంది.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన పడింది. అలాంటి రోజున బండి బయటికి తియ్యకపోవడమే మేలు, ఏ టైరూ కాపాడదు. నేను చెప్పేది మామూలు వాన గురించి. గంటసేపు కొట్టి తగ్గాక, జనగామ దాటి స్టేషన్ ఘన్‌పూర్ వైపు వస్తుంటే డివైడర్ పక్కనో, రోడ్డు కుంగిన చోటో పలచగా నిలిచే నీళ్ల గురించి. వాన ఆగింది కదా అని అందరం వేగం పెంచేది అప్పుడే.

ముందు జారడం, వెనక జారడం ఒకటి కాదు

ముందు టైర్లు తేలితే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. చేతికి వెంటనే తెలుస్తుంది. మలుపులో ఉంటే తిప్పినంత తిరగదు, బండి మలుపు బయటివైపుకు నేరుగా పోతుంటుంది. భయం వేస్తుంది, కాలు దానంతటదే ఎక్సలేటర్ మీది నుంచి లేస్తుంది. ఆ లేవడమే ఇక్కడ మందు. వేగం తగ్గుతుంది, బండి బరువు ముందుకు వస్తుంది, ముందు టైర్లు మళ్లీ రోడ్డును పట్టుకుంటాయి. డ్రైవింగ్ అంతంత మాత్రం వచ్చినవాళ్లు భయంతో చేసే పనే సరైన పని అవుతుంది.

వెనక టైర్లు తేలితే చేతికి ముందుగా ఏమీ తెలియదు. ముందు టైర్లు గట్టిగానే పట్టుకుని ఉన్నాయి కాబట్టి స్టీరింగ్ మామూలుగానే ఉంటుంది. మొదట తెలిసేది నడుముకు, సీటు పక్కకు జరిగినట్టు. అప్పటికే డిక్కీ వైపు మలుపు బయటకు తిరగడం మొదలైంది. మళ్లీ అదే భయం, కాలు తీస్తాం, లేదంటే బ్రేక్ తొక్కుతాం. బరువు ముందుకు పోతుంది. అసలే తేలికగా ఉన్న వెనక భాగం ఇంకా తేలికవుతుంది, ఇంకా జారుతుంది. ఇందాక కాపాడిన పనే ఇప్పుడు ముంచుతుంది. దీన్ని సరిచెయ్యాలంటే వెనక ఏ వైపు జారుతోందో స్టీరింగ్‌ను ఆ వైపే తిప్పాలి, ఎంత కావాలో అంతే తిప్పాలి, బండి దారికి రాగానే వెంటనే నేరుగా తేవాలి. రేసు డ్రైవర్లు గంటల తరబడి సాధన చేసి నేర్చుకునే పని అది. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని లక్నవరం పోయే మనిషి నుంచి ఒక్క సెకనులో అది ఆశించడం అన్యాయం.

కొత్త టైర్లు ముందు, అరిగినవి వెనక ఉన్న బండిలో ఇంకో చిక్కుంది. ముందు పట్టు బాగుంటుంది కాబట్టి తడి రోడ్డు మీద కూడా బండి చెప్పినట్టు వింటున్నట్టే అనిపిస్తుంది. డ్రైవర్‌కు ధైర్యం వస్తుంది. వెనక పట్టు ఎంత తక్కువుందో చెప్పే సూచన ఏదీ రాదు, ఒకేసారి పోతుంది. అరిగినవి ముందుంటే ప్రతి మలుపులో, ప్రతి బ్రేకులో కొంచెం కొంచెంగా తెలుస్తూనే ఉంటుంది, వేగం మనమే తగ్గించుకుంటాం.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి చోట ఇది ఇంకా ముఖ్యం. దిగుడులో బరువు ఎప్పుడూ ముందుకే వాలి ఉంటుంది. వెనక టైర్ల మీద భారం తక్కువ, మలుపులు ఎక్కువ, కాలు బ్రేక్ మీదే ఉంటుంది. పస్రా దాటి తాడ్వాయి అడవి దారిలో కూడా మలుపులో ఆకులు, తడి, నీడ కలిసి ఉంటాయి. ఒక్కడే నడుపుతూ వెనక సీట్లు ఖాళీగా ఉన్న చిన్న కారు అలాంటి చోట్ల వెనక వైపు చాలా తేలిక.

బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు, ఈఎస్‌సీ (ESC), ఉన్న కొత్త బండ్లలో ఇవన్నీ అక్కర్లేదా? ఈఎస్‌సీ మంచిదే, బండి తిరుగుతోందని పసిగట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి నిలబెడుతుంది. కానీ అది కూడా టైరుకు రోడ్డుతో ఉన్న పట్టునే వాడుకోవాలి. టైరు నీళ్ల మీద తేలుతుంటే దాని చేతిలో ఏమీ ఉండదు.

ముందే వెయ్యాలనే వాళ్ల వాదన

ఈ వాదనను కొట్టిపారెయ్యడం సరికాదు, అందులో బలమైన అంశాలున్నాయి.

మొదటిది బ్రేకు. బ్రేక్ వేసినప్పుడు ఎక్కువ పని ముందు చక్రాలదే. అరిగినవి ముందుంటే తడి రోడ్డు మీద బండి ఆగే దూరం పెరుగుతుంది. ఇది నిజమైన నష్టం. కానీ నేరుగా పోతూ నాలుగు మీటర్లు ఆలస్యంగా ఆగే బండికీ, మలుపులో అడ్డం తిరిగి ఎదురుగా వచ్చే లారీకి డోర్ చూపించే బండికీ తేడా చాలా ఉంది. ముందు గుద్దుకుంటే బానెట్, ఎయిర్‌బ్యాగులు, సీట్‌బెల్టు మన పక్షాన ఉంటాయి. పక్క నుంచి తగిలితే మనకూ ఎదుటి బండికీ మధ్య ఉండేది డోరు మందమే. ఇక ముందు టైర్లు ఎంత అరిగితే బ్రేకుకు పనికిరావన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు కింద ఉంది.

రెండోది బురద. ఇది మన దగ్గర బాగా వినిపిస్తుంది, న్యాయమైన మాట కూడా. నల్లరేగడి పొలాల మధ్య ఊరికి పోయే మట్టిబాటలో, ముందు చక్రాలతో నడిచే కారుకు ముందు టైర్లు అరిగి ఉంటే చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు. అక్కడ కొత్తవి ముందుంటే మేలే. అయితే బురదలో బండి ఇరుక్కుంటే పోయేది గంట సమయం, ట్రాక్టర్ పట్టుకొచ్చి గుంజించుకునే ఖర్చు. హైవే మీద వెనక జారితే పోయేది వేరు. రోజూ మట్టిబాటలోనే తిరుగుతూ తారు రోడ్డు ఎక్కడం అరుదైన మనిషికి తప్ప, ఈ వాదనతో కొత్తవి ముందు వెయ్యమని నేను చెప్పను.

మూడోది టైరు పేలడం. ముందు టైరు పేలితే స్టీరింగ్ లాగేస్తుందని భయం. లాగుతుంది, నిజమే. కానీ చేతిలో స్టీరింగ్ ఉంది కాబట్టి గట్టిగా పట్టుకుని నిదానంగా పక్కకు తేవచ్చు. వెనక టైరు పేలితే మళ్లీ పైన చెప్పిన కథే, బండి వెనక భాగం వశం తప్పుతుంది, చేతితో పట్టుకునేదేమీ లేదు. పైగా టైరు పేలడానికి పెద్ద కారణాలు తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేడి, ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం తక్కువ గాలితో, నిండా మనుషులతో వంద మీద పోతే ముందేముంది, వెనకేముంది అన్నది తర్వాతి మాట.

ఇంకొందరు అంటారు, ముందు టైరు నీళ్లను చీల్చేస్తుంది కదా, వెనకది దాని దారిలోనే వస్తుంది కదా అని. నేరుగా పోతున్నప్పుడు కొంతవరకు నిజం. మలుపులో వెనక చక్రం ముందు చక్రం నడిచిన గీత మీద నడవదు, కొత్త నీళ్లలోకే దిగుతుంది.

ఒక్క సంగతి మాత్రం ముందు వెనక అన్న తేడా లేకుండా ఒప్పుకోవాలి. యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ గింజల మీద ఏ టైరుకూ పట్టు దొరకదు, ఎంత కొత్తదైనా. అక్కడ వేగం తగ్గించి, బ్రేక్ తొక్కకుండా, స్టీరింగ్ కోసెయ్యకుండా దాటడం తప్ప దారి లేదు.

రెండు కొనాలా, నాలుగూ కొనాలా

దీనికి కొలత కావాలి, కంటి చూపు చాలదు. టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ (TWI) అనే అక్షరాలో ఉంటాయి. వాటికి నేరుగా గాడిలోకి చూస్తే అడుగున చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. గాడి ఆ గట్టు దాకా అరిగితే లోతు 1.6 మి.మీ. అన్నమాట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరుకు అదే ఆఖరు హద్దు. లోతు కొలిచే గేజ్ లేకపోతే పలచని రూపాయి బిళ్లను గాడిలో నిలబెట్టి, గాడి పై అంచు బిళ్లకు తగిలే చోట గోరు పెట్టి తీసి, బిళ్ల ఎంత లోపలికి దిగిందో స్కేలు మీద కొలవండి. లోపల, మధ్యలో, బయట, మూడు చోట్లా కొలవాలి. లోపలి అంచు బండి నిలబడి ఉండగా కనిపించదు, చాలామంది మోసపోయేది అక్కడే. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైర్ల లోపలి అంచు కనిపిస్తుంది.

1.6 చట్టం పెట్టిన హద్దు, మన వానలకు అది సరిపోదు. నా లెక్క ఇది. ఉంచుకోబోయే జతలో 4 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రెండు కొత్తవి కొని వెనక వేసి, పాతవి ముందుకు తెచ్చుకోవచ్చు. 3 మి.మీ. దగ్గర ఉంటే కాలాన్ని బట్టి చూడాలి. నవంబరులో అయితే ఎండాకాలం దాకా ముందు వేసి నడిపి, జూన్ లోపు మార్చెయ్యండి. మే నెలాఖరులో అయితే నాలుగూ కొనడమే మేలు. 3 కంటే తక్కువుంటే ముందా వెనకా అన్న చర్చే అనవసరం, అవి బండికి ఉండకూడదు. రెండు కొత్తవి కొని ఇంకో రెండు గుండు టైర్లతో తిరిగితే, ఏవి ఎక్కడ వేసినా వానలో ఒక చివర పట్టు లేనట్టే.

మరి కొత్తవి వెనక వేసి, పాతవి ముందు వేస్తే పాతవి త్వరగా అరిగిపోవా? అరుగుతాయి. అదే లాభం. ముందు చక్రాలతో నడిచే కారులో ముందు జతే తొందరగా అయిపోతుంది. అది అయిపోగానే వెనక జతను ముందుకు తెచ్చి, మళ్లీ కొత్త జతను వెనక వేస్తారు. ఇలా తిప్పుకుంటూ పోతే ఏ టైరూ వయసు మీరేదాకా బండి కింద ఉండదు. దీనికి ఉల్టా చేసేవాళ్లను చూడండి. ప్రతిసారీ ముందువే మారుస్తారు, వెనకవి బండితో పాటు వచ్చినవే ఏళ్ల తరబడి ఉంటాయి. గాడి లోతుగానే కనిపిస్తుంది, కానీ రబ్బరు ఎండిపోయి, పక్క గోడ మీద సన్నని పగుళ్లు వచ్చి ఉంటాయి. అలాంటి టైరు తడిలో అరిగిన టైరంత ప్రమాదం.

వయసు చూడడం తేలిక. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుసలో చివరి 4 అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. టైరుకు రెండు వైపులా పక్క గోడలుంటాయి, ఆ 4 అంకెలు ఒక వైపే ఉండొచ్చు, అందుకే బిగించకముందే చూసుకోవాలి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా మెకానిక్‌కు చూపించాలి. పదేళ్లు దాటితే గాడి ఎంతున్నా తీసెయ్యాలి. షాపులో కొత్తదని ఇచ్చే టైరు కూడా ఎప్పుడు తయారైందో చూసి తీసుకోండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఒక్క టైరే పోతే

భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు లారీల దారుల్లో, కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీల పక్కన తిరిగేవాళ్లకు ఇది తెలిసిన బాధ. పదునైన రాయి తగిలి పక్క గోడ కోసుకుపోతుంది. దానికి పంచర్ వెయ్యరు, వెయ్యకూడదు. ఒక్కటే కొనాలి.

మొదట స్టెప్నీని దించి చూడండి. అది మిగతా వాటి సైజే అయి, వాడకుండా ఉండి, వయసు మీరకపోతే మీ అదృష్టం. అదే బ్రాండు, అదే రకం కొత్తది ఒకటి కొని, రెండింటినీ జతగా వెనక వెయ్యండి. ఉన్నవాటిలో మంచి రెండు ముందుకు, మిగిలినది స్టెప్నీకి. కొన్ని బండ్లలో స్టెప్నీ సన్నగా, 80 కి.మీ. దాటొద్దని స్టిక్కర్‌తో వస్తుంది. దాన్ని జతకు వాడకూడదు, ఇల్లు చేరడానికే అది.

స్టెప్నీ పనికిరాకపోతే కొత్తదానికి ఉన్న మూడింటిలో తక్కువ అరిగినదాన్ని జత చెయ్యండి. రెండింటి మధ్య లోతు తేడా 2 మి.మీ. దాటితే రెండు కొనడమే మంచిది. ఒకే ఇరుసు మీద ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువగా ఉంటే బండి ఒక పక్కకు గుంజుతుంది, తడిలో బ్రేక్ వేసినప్పుడు ఇంకా ఎక్కువ. కుడి ఎడమ టైర్లు సైజులో, రకంలో, అరుగుదలలో ఒకేలా ఉండాలి. ముందుకూ వెనక్కూ తేడా ఉంటే భరించవచ్చు, కుడికీ ఎడమకూ ఉంటే వద్దు.

నాలుగు చక్రాలకూ ఎప్పుడూ పవర్ పోయే ఏడబ్ల్యూడీ బండ్లలో ఈ లెక్కలు చెల్లవు. అక్కడ నాలుగు టైర్ల చుట్టుకొలత దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే గేర్‌బాక్సు వెనకాల ఉన్న భాగాలు వేడెక్కి పాడవుతాయి. బండి పుస్తకంలో ఎంత తేడా ఒప్పుకుంటారో ఉంటుంది, దాన్నే పాటించండి. థార్ లాంటి వాటిలో నాలుగు చక్రాలకూ పవర్ పంపే 4హెచ్ వేసినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. బొలెరో, ఈకో, ఇన్నోవా క్రిస్టా వాళ్లకు మాత్రం అసలు తర్జనభర్జనే లేదు, వెనక చక్రాలే బండిని తోస్తాయి కాబట్టి కొత్తవి వెనక వేస్తే వెనక జారకుండానూ ఉంటుంది, బండిని తోసే పట్టూ దొరుకుతుంది.

సెకండ్ హ్యాండ్ టైర్ల గురించి ఒక్క మాట: వద్దు. లోపల తీగ తెగిందో, ఎన్నిసార్లు గాలి లేకుండా నడిపారో పైకి కనిపించదు.

అసలు ఈ ప్రశ్నే రాకుండా

ప్రతి 8,000 నుంచి 10,000 కి.మీ.కి ఒకసారి టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పిడి చేయిస్తే నాలుగూ దాదాపు సమానంగా అరుగుతాయి, నాలుగూ ఒకేసారి కొనొచ్చు. నాకు ఇదే అన్నిటికంటే నచ్చిన దారి, ఖర్చు కూడా కొన్ని వందలే. ముందు చక్రాలతో నడిచే బండికి ముందు రెండూ అదే వైపు వెనక్కి పోతాయి, వెనక రెండూ అడ్డంగా మారి ముందుకు వస్తాయి. వెనక చక్రాలతో నడిచే బండికి దీనికి ఉల్టా. పక్క గోడ మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తున్న టైర్లు మాత్రం అదే వైపు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి, అంతే.

అయితే ముందువి వెనకవాటికంటే ఇప్పటికే 3 మి.మీ. ఎక్కువ అరిగిపోయిన బండికి ఇక మార్పిడి చేయించొద్దు. చేయిస్తే అరిగినవి వెనక్కి పోతాయి. అలా వదిలేసి, ముందు జత అయిపోగానే పైన చెప్పినట్టు జతలు తిప్పుకోండి.

మార్పిడి చేసేటప్పుడే అరిగిన తీరు చూడాలి. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ పెట్టి నడిపారు. మధ్యే అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. గుంటలు గుంటలుగా అరిగితే బ్యాలెన్సింగో, షాకబ్జార్బర్లో చూపించాలి. ఈ తప్పు సరిచెయ్యకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అదే దారిన పోతాయి.

ఇక షాపులో. జాకీ ఎత్తకముందే చెప్పండి, కొత్తవి వెనక, వెనకవి ముందుకు అని. పని పెరుగుతుంది, నాలుగు చక్రాలూ విప్పాలి, అందుకే కొందరు నసుగుతారు. ఆ కాస్త పనికి డబ్బులు అడిగితే ఇచ్చెయ్యండి. కొత్త వాల్వులు వేయించండి, బ్యాలెన్సింగ్ నాలుగింటికీ చేయించండి, అలైన్‌మెంట్ కూడా. మొదటి 200, 300 కి.మీ. కొత్త టైర్ల మీద నిదానంగా పోండి, పై పొర అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు.

బయల్దేరే ముందు గాలి చూసుకోండి. షాపులో బిగించేటప్పుడు అన్నిటికీ ఒకే లెక్కన ఎక్కువ గాలి కొట్టి వదిలేస్తుంటారు. డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ముందుకు ఎంత, వెనక్కి ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని రాసి ఉంటుంది. ఆ అంకెలకు తెచ్చుకోండి. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిందే అసలు లెక్క కాబట్టి, మర్నాడు పొద్దున బండి తియ్యగానే దగ్గరున్న పంపు దగ్గర ఇంకోసారి చూపించండి.